జపాను పిల్ల నొసట బొట్టు

సిద్ధయ్య అంటే ఇప్పుడు సిద్దిపేటలో చాలామందికి తెలియదు. బోర్డుల సిద్ధయ్య అంటే మాత్రం యాభై దాటినవాళ్ళు ఆగి, ఓ అతనా అంటారు. పాత బస్టాండు దగ్గరి టాకీసు గోడ మీద ఇరవై అడుగుల హీరోలను నిలబెట్టినవాడు అతడే. శుక్రవారం కొత్త సినిమా పడుతుందంటే గురువారం సాయంత్రానికే జనం ఆ గోడ కింద చేరేవారు. సినిమా ఎలా ఉందన్నది తర్వాతి ముచ్చట, సిద్ధయ్య ఎలా వేశాడన్నది ముందు ముచ్చట. నా పటాల దుకాణం ఆ గోడకు సరిగ్గా ఎదురుగా ఉంది. చనిపోయినవాళ్ళ ఫోటోలకు నలభై ఏళ్ళుగా ఫ్రేములు కడుతూ, అవి ఉన్నన్నాళ్ళూ తలెత్తితే సిద్ధయ్య బొమ్మలు చూస్తూ బతికాను. నా పేరు రాజేంద్రప్రసాద్. నేను చెప్పబోయేదాంట్లో నా తప్పు కూడా కొంత ఉంది కాబట్టి, సిద్ధయ్యను మరీ మంచివాడిగా గానీ మరీ చెడ్డవాడిగా గానీ చెప్పను.

వాళ్ళది నేత కుటుంబం. పదిహేనేళ్ళకే మహారాష్ట్రలోని భివండి పంపించారు, మరమగ్గాల మీద పని నేర్చుకొమ్మని. మగ్గాల షెడ్డు పక్కనే సినిమా బోర్డులు వేసే ఆవరణ ఉండేదట. షెడ్డులో పన్నెండు గంటలు, ఆవరణలో మిగిలిన గంటలు. ఏడేళ్ళ తర్వాత మగ్గం పని మరిచిపోయి, కుంచెల కట్ట చంకలో పెట్టుకుని సిద్దిపేటలో దిగాడు. వాళ్ళ నాయిన తిట్టిన తిట్లు వీధి వీధంతా విన్నాం. ఆ తర్వాత పాతికేళ్ళు సిద్ధయ్యకు తిరుగులేదు. పిమ్మట ఫ్లెక్సు మిషన్లు వచ్చాయి. సిద్ధయ్య మూడు రోజులు నిచ్చెన మీద నిలబడి వేసే బొమ్మను అవి గంటలో కక్కి పడేస్తుంటే ఎవడు మాత్రం ఆగుతాడు? విత్తనాల కంపెనీల గోడరాతలు, బళ్ళ నంబరు ప్లేట్లు, బడి గోడల మీద భారతదేశ పటాలు, ఇలా గడిచిపోయింది. టాకీసు గోడ మీద అతని చెయ్యి పడి పద్దెనిమిదేళ్ళయింది.

అతని బిడ్డ నవత. ఆమె సంగతి చెప్పకుండా ముందుకు పోతే మిగతాదేదీ అర్థం కాదు. ధూళిమిట్టలో నరేశ్ అనే పిల్లవాడికిచ్చి చేశారు. మంచివాడు, నెమ్మదస్తుడు. గల్ఫుకు పోయాడు. మూడో ఏడు అక్కడి క్యాంపులో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. శవం ఇంటికి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. అప్పటికి నవతకు ఇరవై నాలుగేళ్ళు, కూతురు హర్షిణికి నాలుగు.

అంత్యక్రియలైన పదో దినాన మేమంతా ధూళిమిట్ట పోయాం. ఊరి బయట బావి దగ్గర ఆడవాళ్ళు నవతను కూర్చోబెట్టారు. మన దగ్గర పద్ధతి తెలిసిందే. ముందు పెళ్ళికూతురిలా తయారు చేస్తారు. నిండా గాజులు, తలనిండా పూలు, నొసట రూపాయి కాసంత బొట్టు. తర్వాత ఒక్కొక్కటే తీసేస్తారు. ఎవడు కనిపెట్టాడో గాని వాడి మనసులో జాలి అనేది వీసమెత్తు ఉండి ఉండదు. నరేశ్ మేనత్త పెంటవ్వ, తనకూ అది జరిగిన మనిషే, తడి గుడ్డ పట్టుకుని ముందుకు వంగింది. అప్పుడు నవత మా వైపు తిరిగి "నాయినా" అని పిలిచింది. ఒక్కసారే. మగవాళ్ళం ఇరవై అడుగుల దూరంలో తుమ్మచెట్టు కింద నిలబడి ఉన్నాం. సిద్ధయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. నేను అతని భుజం పట్టుకున్నాను. "ఆడోళ్ళ పని, మనం నడుమల పోవద్దు" అన్నాను. నా చెయ్యి అంత గట్టిదేమీ కాదు, విదిలిస్తే ఊడేదే. అతను విదిలించలేదు. తల దించుకుని నేల చూశాడు.

ఆ తర్వాత నవత కూతురిని తీసుకుని సిద్దిపేట వచ్చేసింది. కంప్యూటర్ నేర్చుకుని ఫ్లెక్సు దుకాణంలోనే పనికి కుదిరింది. తండ్రి బువ్వ లాక్కున్న మిషనే ఇంటిల్లిపాదికీ బువ్వ పెట్టడం మొదలుపెట్టింది. పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు, నాయకులకు స్వాగతాలు, అన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. సిద్ధయ్య భార్య అనసూర్య బతికి ఉన్నప్పుడు ఒకసారి నా ఎదుటే అంది, "కాలం మారింది బిడ్డా, చిన్న స్టిక్కరన్న పెట్టుకోరాదూ, ఎవరేమంటరు" అని. నవత నవ్వింది. "పెట్టుకుంటె ఎవరేమనరమ్మా. తుడిచిన్నాడు గూడ ఎవరేమనలే" అంది. సిద్ధయ్య అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కప్పు దించలేదు. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళుగా తండ్రీకూతుళ్ళు కూరలో ఉప్పు గురించి, కరెంటు బిల్లు గురించి, హర్షిణి చదువు గురించి మాట్లాడుకున్నారు. ఆ బాయి గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇక జపాను సినిమా సంగతి. హర్షిణికి ఇప్పుడు పన్నెండేళ్ళు. దాని తరగతి పిల్లలంతా జపాను బొమ్మల సినిమాల పిచ్చిలో ఉన్నారు. మనకు పలకని పేర్లన్నీ వాళ్ళ నాలుక చివర ఉంటాయి. 'పొగమంచు రేవు' అనే సినిమా కోసం అది ఏడాది పైగా కళ్ళు కాయలు కాసేలా చూస్తోంది. జపానులో పోయిన ఏడే విడుదలైందట. ఇతర దేశాలకు ఇదిగో అదిగో అని రెండుసార్లు తేదీ మార్చారట. కథ ముందే తెలిసిపోతుందని ఈ పిల్లలు ఫోన్లో కొన్ని వీడియోలు చూడకుండా కళ్ళు మూసుకునేవారట. చివరికి ఆగస్టు రెండో శుక్రవారం అని తేలింది. తెలుగు మాటలతో మా టాకీసులోనే పడుతుంది. హర్షిణి నా దుకాణంలో క్యాలెండరు మీద కూడా ఆ తేదీ చుట్టూ గీత గీసి పోయింది.

జూలైలో హైదరాబాదు నుంచి కృపాకర్ అనే పిల్లవాడు నవత పనిచేసే ఫ్లెక్సు దుకాణానికి వచ్చాడు. సినిమా ప్రచారం చూసే సంస్థ మనిషి. ఆ సినిమాను ఆరేళ్ళు చేత్తో గీశారట. అందుకని ఐదు ఊళ్ళలో చేత్తో వేసిన పాతకాలం బోర్డులు పెట్టి, వేస్తుండగా వీడియో తీసి వదలాలని వాళ్ళ ఆలోచన. "సిద్దిపేటల పెయింటర్లు ఇంకా ఎవరన్న ఉన్నరా మేడం?" అని అడిగాడు. "మా నాయిన ఉన్నడు" అంది నవత.

ఆ సాయంత్రం సిద్ధయ్య నా దుకాణానికి వచ్చాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళు పట్టేసి కుంటుతూ నడిచేవాడు, ఆ రోజు గెంతుకుంటూ వచ్చినంత పని చేశాడు.

"రాజేంద్రా, ఇది నాకు ఆఖరుది. చెయ్యి ఒణుకుతుంది, తెలుసు. పెద్ద బొమ్మకు ఒణుకు కనపడది. విడుదల దినం దాక గోడ మీద నిలవడాలె. కింద నా పేరుండాలె. నా మనవరాలు దోస్తులను తోలుకొచ్చి చూపియ్యాలె. గంతే, ఇంకేం వద్దు."

అంత ఆశ ఆ మొహంలో చూసి ఎన్నేళ్ళయిందో. నాకు సంతోషం వేసింది, భయమూ వేసింది. ఆశ పడ్డవాడి మీదే దేవుడి కన్ను పడుతుందని మా అవ్వ అనేది.

ఎండిన కుంచెలు రెండు రోజులు కిరసనాయిలులో నానాయి. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, తెల్లరంగు పూసి, సుద్ద పూసిన దారంతో గళ్ళు కొట్టాం. దారం రెండో కొస పట్టుకుంది నేనే. కృపాకర్ ఫోనును మూడు కాళ్ళ స్టాండుకు తగిలించి అన్నీ తీస్తున్నాడు. హర్షిణి బడి విడవగానే పరుగెత్తుకొచ్చి, నిచ్చెన కింద నిలబడి తాతను సరిదిద్దేది.

"తాతా, గామె ముక్కు గట్లుండది. జరంత గీత, గంతే."

"ముక్కు లేకుంటె పిల్ల ఊపిరెట్ల తీస్తది?"

"జపాన్ బొమ్మలు గట్లనే ఉంటయి. ముక్కేస్తె ఆమె నావో కాదు."

నావో అంటే ఆ సినిమాలో పిల్ల. పొగమంచు కమ్మిన రేవులో ఉంటుంది. వాళ్ళ నాన్న పడవ మీద పోయి తిరిగి రాడు. రోజూ సాయంత్రం రేవు చివర దీపం పెట్టి ఎదురు చూస్తుంది. ఇంతవరకే ఎవరికైనా తెలుసు, మిగతాది సినిమాలో చూడాల్సిందే. హర్షిణి ఇది చెబుతుంటే సిద్ధయ్య కుంచె ఆగిపోయింది. తన తండ్రి మొహం కూడా గుర్తులేని పిల్ల అది. కాసేపటికి సిద్ధయ్య మళ్ళీ మొదలుపెట్టాడు గాని, ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా వినలేదు. బుగ్గ కింద నీడ పడింది. కళ్ళలో తడి మెరిసింది. ముక్కుకు కూడా పక్కన సన్నటి నీడ ఇచ్చాడు, ఊపిరాడేంత. బుధవారం మధ్యాహ్నానికి పిల్ల గోడ మీద నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. బస్సు దిగినవాళ్ళు దిగినచోటే ఆగిపోయారు. అబద్ధం ఎందుకు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బోర్డు గోడకెక్కాక సిద్ధయ్య చివరిసారి నిచ్చెన ఎక్కాడు. ఉంగరం వేలు ఎర్రరంగులో ముంచి, పిల్ల నొసట బొట్టు పెట్టాడు. ఆడమనిషి బొమ్మ ఏది వేసినా అతను చివర చేసే పని అది. కుంచెతో కాదు, వేలితో. బొట్టు పడితేనే బోర్డు పూర్తయినట్టు లెక్క. వెనకట ఒక ఇంగ్లీషు సినిమాకు తుపాకీ పట్టుకున్న దొరసానికి కూడా బొట్టు పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు, సినిమా మూడు వారాలాడింది. అలవాటైన వేలు, ఎవరినీ అడగకుండా తన పని తాను చేసింది. కింద జనం చప్పట్లు కొట్టారు. కృపాకర్ "సూపర్ షాట్ అంకుల్" అన్నాడు. మూల మీద 'సిద్ధు ఆర్ట్స్, సిద్దిపేట' అని రాసి సిద్ధయ్య దిగాడు.

మూడో రోజున కృపాకర్ మళ్ళీ వచ్చాడు. మర్యాదస్తుడు, నసుగుతూ మొదలుపెట్టాడు.

"సిద్ధయ్య గారూ, ఫోటోలు ముంబై నుంచి జపాన్ పోయినయి. వాళ్ళకు చాలా నచ్చింది. ముక్కు నీడ కూడా ఓకే అన్నరు. ఒక్కటే చిన్న కరెక్షన్. నుదుట ఆ ఎర్ర చుక్క తీసెయ్యాలంట."

"చుక్క కాదు సార్ అది, బొట్టు."

"మనకు తెలుసు అంకుల్, వాళ్ళకు తెల్వదు కదా. ఆ పిల్లకు దెబ్బ తగిలిందేమో, కథల ఏమన్న గుర్తేమో అని చూసేటోళ్ళు అనుకుంటరని వాళ్ళ భయం. నిజం చెప్తున్న, నేను కూడ గమనించలే. మేం క్రిస్టియన్లం, మా ఇండ్లల్ల పెట్టుకోరు కదా."

"సరే సార్" అన్నాడు సిద్ధయ్య.

సరే అన్నాడే గాని నిచ్చెన ముట్టలేదు. మొదటి రోజు రంగు ఆరలేదన్నాడు. రెండో రోజు ముసురు పట్టింది, వానను చూపించాడు. మూడో రోజు నడుం పట్టిందన్నాడు. గోరంత పని. ఒంటి రంగు కలిపి రెండు పూతలు వేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. కృపాకర్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కాని నోరు విప్పితే ఆ బాయి దగ్గర నా చెయ్యి చేసిన పని సంగతి కూడా విప్పాల్సి వస్తుంది. అందుకని ఫ్రేములకు మేకులు కొడుతూ కూర్చున్నాను.

నాలుగో రోజు సిద్ధయ్యే కృపాకర్‌ను బతిమాలాడు. "మీ జపానోళ్ళకు రాయిన్రి సార్. మా దిక్కు ఆడపిల్లకు బొట్టు మంచిదని, తియ్యమంటె అరిష్టమని రాయిన్రి." పిల్లవాడు పాపం నిజంగానే రాశాడు. మర్నాటికి జవాబు వచ్చింది. మీ ఆచారం మీద మాకు గౌరవం ఉంది, అయినా ఆ పాత్ర రూపం మార్చడానికి వీల్లేదు, క్షమించండి అని. వాళ్ళనూ అనడానికి లేదు. ఆరేళ్ళు గీసుకున్న పిల్ల వాళ్ళది.

"అట్లయితె నేను తియ్య" అన్నాడు సిద్ధయ్య. "బోర్డే ఇప్పుకపోన్రి."

"అంకుల్, విడుదలకు తొమ్మిది రోజులే ఉంది. మీరు తియ్యకుంటె దాని మీదికెల్లి ఫ్లెక్స్ కప్పాలె నేను. మీ బోర్డును కప్పుడు నాకు మంచిగనిపిస్తలేదు."

"కప్పుకోన్రి."

ఇరవై అడుగుల ఫ్లెక్సుకు ఆర్డరు నవత దుకాణానికే పోయింది. సైజు చూసి, టాకీసు పేరు చూసి ఆమె కృపాకర్‌ను అడిగింది. అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు. మధ్యాహ్నం భోజనం వేళ ఆమె నా దుకాణానికి వచ్చింది. చేతిలో చిన్న డబ్బా, అందులో ఒంటి రంగు, ఒక కుంచె. ఇంటికి పోయి తండ్రి సామాను లోంచి తానే కలుపుకొచ్చింది. సిద్ధయ్య నా స్టూలు మీద కూర్చుని బోర్డు వైపు చూస్తున్నాడు.

"ఎందుకు తీస్తలేవ్ నాయినా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు.

"ఆడపిల్ల నొసటి బొట్టు తుడువొద్దు బిడ్డా. నా చేతుల తోని ఎన్నడు తుడువలే."

"నువ్వు తుడువలే. నిజమే." ఆమె డబ్బా కౌంటరు మీద పెట్టింది. "ధూళిమిట్టల బాయి కాడ నిన్ను పిలిచిన. ఇనబడ్డదా, లేదా? గా ఒక్క ముచ్చట చెప్పు నాయినా. ఎనిమిదేండ్ల సంది తెల్వకుంట ఉన్న."

సిద్ధయ్య రోడ్డు వైపు తిరిగాడు. రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి, మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె నిప్పులు విసురుతోంది, ఎవరి పనిలో వాళ్ళున్నారు.

"ఇనబడ్డది" అన్నాడు.

"ఇనబడ్డది." ఆమె తల ఊపింది. "ఇరవై అడుగుల దూరంల ఉంటివి. ఒక్క మాట అనకపోతివి. గీ రంగు బొమ్మ కోసం వారం రోజుల సంది సముద్రం అవుతలోళ్ళ తోని కొట్లాడుతున్నవ్."

ఇక దాచుకోలేకపోయాను. "బిడ్డా, ఆ దినం మీ నాయినను ఆపింది నేను. నేనే భుజం పట్టుకున్న" అన్నాను.

"తెలుసు కాకా, చూసిన" అంది నవత. "నువ్వు నా నాయినవు కావు గద."

అంతే అంది. నా జన్మలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు.

"నిచ్చెన పట్టుకో కాకా" అని ఆమె డబ్బా తీసుకుని రోడ్డు దాటింది. నేను వెనకాలే పోయి పట్టుకున్నాను. ఎప్పుడూ నిచ్చెన ఎక్కని మనిషి, కొంగు నడుముకు దోపుకుని ఎక్కింది. పిల్ల నొసట ఒంటి రంగు పూసింది. ఎరుపు మొండిది, కింది నుంచి మళ్ళీ గులాబీగా తేలింది. ఆరే దాకా నిచ్చెన మీదే నిలబడి ఇంకో పూత వేసింది. మూడో పూతకు పూర్తిగా పోయింది. సిద్ధయ్య నా దుకాణం అరుగు మీద నుంచి చూస్తూ నిలబడ్డాడు. ఒకసారి రోడ్డు దాకా వచ్చాడు, ఆపడానికో, సాయానికో నాకు తెలియదు. మళ్ళీ వెనక్కి పోయాడు. నవత దిగి, కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుని, భోజనం వేళ అయిపోయిందని తిన్నగా పనికి పోయింది. తినలేదు.

ఫ్లెక్సు ఆర్డరు రద్దయింది. బోర్డు నిలిచింది. వీడియో వదిలారు. బొట్టు పెట్టిన ముక్క తీసేసి, చివర సిద్ధయ్య పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేశారు. వేలమంది చూశారని కృపాకర్ ఫోను పట్టుకుని ఇంటికే పోయి చూపించాడు. సిద్ధయ్య చివరిదాకా చూసి, మంచిగుంది సార్ అని ఫోను తిరిగిచ్చాడట. ఆ తొమ్మిది రోజులు అతను టాకీసు దిక్కు రాలేదు. కూరగాయలకు పోవాలన్నా కోమటి చెరువు వైపు నుంచి చుట్టు తిరిగి పోయేవాడు.

విడుదల రోజు రానే వచ్చింది. హర్షిణి తరగతి పిల్లలు పది మంది మెడకు నీలం గుడ్డలు చుట్టుకుని వచ్చారు, సినిమాలో పిల్ల అలాగే చుట్టుకుంటుందట. కాలేజీ పిల్లలు మద్దూరు నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. అందరూ బోర్డు కింద నిలబడి ఫోటోలు దిగారు. హర్షిణి "మా తాత ఏసిండు" అని కనబడ్డవాడికల్లా చెప్పింది. సిద్ధయ్య కోరుకున్నదంతా జరిగింది. చూడడానికి అతనొక్కడు లేడు.

సాయంత్రం దుకాణం కట్టేసి వాళ్ళింటికి పోయాను. నవతకు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఆ రోజు ఆపింది నేనే అన్నాను గాని, తప్పయిందని అనలేదు. దారంతా ఆ ఒక్క మాటే కూడబలుక్కుంటూ పోయాను. వాకిట్లో నవత రేపటికి చిక్కుడుకాయలు గిల్లుతోంది. సిద్ధయ్య గోడకానుకుని కూర్చున్నాడు. హర్షిణి అప్పుడే వచ్చినట్టుంది, మెడకు నీలం గుడ్డ ఇంకా ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎట్లున్నది బిడ్డా సినిమా?" అని అడిగాను.

"మస్తుంది తాతా. గని వాళ్ళ నాన్న రాడు. లాస్టుకు వస్తడనుకున్న నేను. ఏడాది సంది అనుకున్న." మళ్ళీ ఏడుపొచ్చింది దానికి, మొహం కడుక్కోవడానికి లోపలికి పోయింది.

సిద్ధయ్య గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్ళు సహకరించకపోయినా వచ్చి కూతురి ఎదుట కింద కూర్చున్నాడు.

"నవతా" అన్నాడు. "తప్పయింది బిడ్డా. ఆ దినం నేను రావాలె. నువ్వు పిలిస్తివి, నేను రాకపోతి. ఎవరో ఆపిన్రని కాదు. నలుగురేమంటరో అని భయపడ్డ."

నవత చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. తండ్రి మొహం వైపు చాలాసేపు చూసింది. ఆమె కొట్టినా, తిట్టినా, పట్టుకుని ఏడ్చినా అతనికి అంత కష్టం ఉండేది కాదు.

"గీ మాటకు ఎనిమిదేండ్లు చూసిన నాయినా" అంది మెల్లగా. "పొద్దుగాల నీకు చాయ్ ఇచ్చినప్పుడల్ల అనుకునేదాన్ని, ఇయ్యాల అంటడేమో అని. అమ్మ సచ్చిపోయిన్నాడు గూడ అనుకున్న. ఇప్పుడంటివి. నాకేమనిపిస్తలేదు."

సిద్ధయ్య తల ఊపాడు. ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు గిల్లడం మొదలుపెట్టింది. కాసేపటికి అతనూ చాటలోంచి నాలుగు తీసుకుని గిల్లసాగాడు. ఆమె వద్దనలేదు. నేను దారంతా కూడబలుక్కుని తెచ్చుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. పోయొస్తనని చెప్పి చెప్పులు తొడుక్కున్నాను.